రేకు మోగిన పూట

మా వదిన నోరు మంచిది కాదని ఊళ్లో అందరూ అనేవారు. ఆమె కూడా ఒప్పుకునేది. "నా నోరు మంచిదైతే నా దగ్గరికి ఎవడొస్తాడే? వీళ్లంతా తిట్లు తినడానికే వస్తారు. రొట్టె ఊరికే నంజుకోవడానికి" అనేది.

ఆమె మా ఆయనకు సొంత అక్క. ఊరి పైవీధి చివర, కొండకు వీపు ఆనించినట్టు కట్టిన రాతి ఇంట్లో రొట్టెల బట్టీ నడిపేది. పిల్లలకీ పెద్దలకీ ఆమె బట్టీ అక్కే. బట్టీ నిజానికి ఆమె భర్తది. ఆయన ఊపిరితిత్తుల జబ్బుతో పోయినప్పుడు, దాన్ని అమ్ముకుని పుట్టింటికి వచ్చేస్తుందని మేమంతా అనుకున్నాం. వచ్చిన చుట్టాలు ఇంకా వెళ్లకముందే పొయ్యి రాజేసింది. ఇదేం పనే అని ఒక పెద్దావిడ అడిగితే, "పొయ్యి ఒకసారి చల్లారిందంటే మళ్లీ వేడెక్కడానికి బండెడు కట్టెలు కావాలి పిన్నీ. ఏడుపుకి కట్టెలక్కర్లేదు. పని చేసుకుంటూ ఏడుస్తాను" అంది. అలాగే ఏడ్చింది కూడా. పిండి పిసుకుతూ, మోచేత్తో కళ్లు తుడుచుకుంటూ, ముఖమంతా పిండి చేసుకుని.

నేను కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఆమెను 'మీరు' అన్నాను. ఆమె వెనక్కి తిరిగి చూసింది. మళ్లీ అంటే మళ్లీ చూసింది. "నా వెనక ఎవరో పెద్దమనుషులు నిలబడ్డారనుకున్నానే మరదలా" అంది. ఇక నాకు ఆ మాట నోట రాలేదు. ఆ రోజు నుంచి చివరి రోజు దాకా 'నువ్వు' అనే అన్నాను.

ఆమె కుడిచేతి మీద మణికట్టు నుంచి మోచేతి దాకా కాలిన మచ్చలు వరసగా ఉండేవి. బట్టీ నోట్లోకి చెయ్యి పెట్టి పెట్టి పడ్డ మచ్చలు. "ఇవి పగలని గాజులు" అని చూపించేది. ఆ చేత్తోనే పొడుగాటి చెక్క పారతో రొట్టెలు లోపలికి తోసేది, తీసేది. రొట్టెలు బయటికి రాగానే గుమ్మం పైన తీగకు వేలాడదీసిన పాత ఇనప రేకును ఊచతో గణగణ కొట్టేది. మా ఊరి ఇళ్లు మెట్లు మెట్లుగా కొండ మీద నుంచి కిందికి దిగుతాయి. పైన కొట్టిన రేకు కింది వీధి చివరి దాకా వినిపించేది. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి. రేకు మోగిందంటే ఎక్కడి పని అక్కడ వదిలేసి సంచులూ గిన్నెలూ పట్టుకుని జనం పైకి ఎక్కేవారు. గోడ పక్కన వరసగా నిలబడేవారు. నిలబడమంటే ఊరుకుంటారా, ముందుకు తోసుకొచ్చేవారు. ఆమె "వెనక్కి, వెనక్కి జరగండి, మీద పడితే ఒక్కరికీ ఇవ్వను" అని అరిచేది. అరుపు వినగానే జనం ఇంకో అడుగు ముందుకేసేవారు. రోజూ అంతే.

అందరికన్నా ముందు గడియారాలు బాగుచేసే బాబాయ్ ఉండేవాడు. ఆయన రొట్టె తీసుకుని, తిరగేసి, అడుగు చూసి, "ఈ పూట మాడింది" అనేవాడు. "నీ గడియారాల్లో ఒక్కటైనా సరైన టైము చూపిస్తే అప్పుడు మాట్లాడు బాబాయ్" అని ఆమె అనేది. వాళ్లిద్దరికీ ఇది లేకపోతే పొద్దు గడిచేది కాదు.

పెద్దది వచ్చిన రోజు ఉదయం రేకు మోగి కాసేపే అయింది. భూకంపాన్ని మా ఊళ్లో ఇప్పుడు పెద్దది అనే అంటాం. దాని తర్వాత రోజూ వచ్చిన వాటిని దాని పిల్లలు అంటాం. నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. ముందు చప్పుడు వచ్చింది. బరువైన లారీ ఏదో ఇంటి కిందనుంచి వెళుతున్నట్టు. ఆ తర్వాత దండెం నా చేతిలోంచి ఎవరో లాక్కున్నట్టు పోయింది. నేను నేల మీద పడ్డాను. నేల నన్ను విసిరేసింది అనాలి. లేచేసరికి ఎదురింటి గోడ లేదు. ఎదురిల్లే లేదు. చుట్టూ కొండలన్నీ పొగ విడుస్తున్నట్టు దుమ్ము విడుస్తున్నాయి. మా మామయ్య స్నానం చేస్తున్నవాడు చేస్తున్నట్టే తువ్వాలు చుట్టుకుని బయటికి వచ్చాడు. ఒక చెవి నిండా సబ్బు నురగ. ఆ నురగ సాయంత్రం దాకా ఆయన చెవిలో ఎండిపోయి ఉంది. తుడవాలని నాకూ తోచలేదు, ఆయనకూ తోచలేదు.

ఆయన మొదట అన్న మాట, "పైవీధి ఉందా, చూడమ్మా" అని. పైవీధి చివర ఆయన కూతురు ఉంది.

ఉంది. రాతిగోడలు బీటలు వారాయి గానీ ఇల్లు నిలబడింది. వదిన జుట్టు నిండా పిండితో, ఒక కాలికి చెప్పుతో, మెట్లు దిగి మా దగ్గరికి వచ్చింది. తండ్రిని పైనుంచి కిందికి తడిమి చూసింది. "బతికే ఉన్నావుగా. మరి ఆ ముఖమేంటి నాన్నా, సగం గడ్డం గీసి వదిలేసినట్టు" అంది. అని వెంటనే నా భుజం పట్టుకుని వణికిపోయింది. అది నేనొక్కదాన్నే చూశాను.

ఆ మధ్యాహ్నం నుంచి అందరం బడి మైదానంలోనే. అది ఊరికి కింద, కొండలకు దూరంగా, చదునుగా ఉంటుంది. టార్పాలిన్లు కట్టుకున్నాం. ఇళ్ల కింద నుంచి కొందరిని బతికుండగా తీశారు, కొందరిని అలా తీయలేకపోయారు. ఊరికి వచ్చే దారి రెండు వైపులా కొండచరియలు పడి తెగిపోయింది. మా ఆయన కింది పట్నంలో లారీ తోలతాడు. దారికి అవతలే చిక్కుకుపోయాడు. ఫోన్లు పలకలేదు. హెలికాప్టర్ ఒకసారి మబ్బుల పైన చప్పుడు చేసుకుంటూ తిరిగి, దిగకుండానే వెళ్లిపోయింది. ఆపైన వాన పట్టుకుంది.

వాన కన్నా రాళ్లు ఎక్కువ భయపెట్టాయి. భూమి కాస్త కదిలినప్పుడల్లా పైనెక్కడో ఒక రాయి ఊడేది. అది దొర్లే చప్పుడు, ఆగే చప్పుడు. ఆగిందా లేదా అని అందరం మాటలు ఆపేసి వినేవాళ్లం. పిల్లలు కూడా అన్నం నోట్లో పెట్టుకుని నమలకుండా వినడం నేర్చుకున్నారు. అన్నం కూడా ఎంతో లేదు. బియ్యం, పప్పు, పెనాలు, గిన్నెలు అన్నీ ఇళ్ల కింద. దొరికిన కట్టెలు తడి. పెద్ద డేగిసాలో గంజి కాచి పోస్తే ఇంటికో గ్లాసు వచ్చేది.

అప్పుడు వదిన అంది, "నా దగ్గర పిండి బస్తాలున్నాయి. ఎండు కట్టెలు ఇంటి నిండా ఉన్నాయి. బట్టీ నిలబడే ఉంది. మరి మనం గంజి ఎందుకు తాగుతున్నాం?"

ఎందుకంటే బట్టీ ఇంటి వెనకే కొండ నెర్రె విచ్చింది. ఇంటి కప్పుకు పైన, వాలు మీద, మనిషి కాలు దూరేంత బీట అడ్డంగా సాగింది. దాని కింద కొండ ముక్కంతా ఎప్పుడు జారుతుందో తెలియదు. ఆ సంగతి చెప్పింది కొలతల సారు. రోడ్డు పని కొలతలకని మా ఊరొచ్చి పెద్దదానికి మాతోపాటు చిక్కుకున్న ఇంజనీరు. మెత్తని మనిషి. ఊళ్లో ఏ ఇంట్లోకి వెళ్లకూడదో ఆయనే ఎర్ర రంగుతో గుమ్మాల మీద గుర్తులు పెట్టాడు. బట్టీ గుమ్మం మీద పెద్ద గుర్తు పెట్టాడు.

"అక్కా, అది ఇల్లు కాదు ఇప్పుడు. బోనులో పెట్టిన ఎర" అన్నాడు.

"బయట కొత్త బట్టీ కడదామా మరి? కట్టి, ఆరబెట్టి, రాజేసేసరికి వీళ్లలో ఎంతమంది ఉంటారు సారూ? ఈ వానకి అసలు ఆరుతుందా?"

టార్పాలిన్ కింద ఒక తల్లి పసిపిల్లకి గంజి వేలితో నాకిస్తోంది. ఆయన అటు చూశాడు. చివరికి కొన్ని షరతుల మీద ఒప్పుకున్నాడు. పిండి కలపడం, పిసకడం, పొంగనివ్వడం అన్నీ మైదానంలోనే. పైకి తీసుకెళ్లి కాల్చడం ఒక్కటే అక్కడ. లోపల ఇద్దరికి మించి ఉండకూడదు. బీటకు ఆ పక్కనొక మేకు, ఈ పక్కనొక మేకు కొట్టి, మధ్యన వదులుగా తాడు కట్టాడు. "ఆ తాడు బిగుసుకుందంటే కొండ కదులుతోందని. చేతిలో ఏముంటే అది వదిలేసి రావాలి" అన్నాడు.

తాడు చూస్తూ కూర్చోవడానికి మా మామయ్య ముందుకొచ్చాడు. బట్టీకి ఎదురుగా, కాస్త పక్కకి, గట్టి బండ మీద కట్టిన నీళ్ల ట్యాంకు ఉంది. దాని అరుగు మీద కూర్చుంటే తాడూ కనిపిస్తుంది, బట్టీ గుమ్మమూ కనిపిస్తుంది. పైకి వచ్చే వీధి మాత్రం మలుపు చాటున ఉంటుంది, కనిపించదు. ఆయన వీధి చూడాల్సిన పనేముంది అనుకున్నాం.

కొలతల సారు తన మెడలోని ఈల తీసి మామయ్యకి ఇచ్చాడు. మామయ్య ఊదాడు. ముందు పళ్లు లేవు. గాలి పక్కలనుంచి పోయి తుస్సుమంది. మళ్లీ ఊదాడు. గడియారాల బాబాయ్ "కొండ కాదు, కోడిపిల్ల కూడా కదలదు దీనికి" అన్నాడు. పెద్దది వచ్చాక జనం నవ్వడం అదే మొదటిసారి. మామయ్య కూడా నవ్వాడు.

"రేకు కొట్టు నాన్నా" అంది వదిన. "చెవిటివాడికైనా వినపడుతుంది."

గుమ్మం పైన ఉన్న రేకు విప్పి, ఊచతో సహా తండ్రి చేతికి ఇచ్చింది. కొలతల సారు పరాయి ఊరివాడు, ఆయనకేం తెలుసు. కానీ అక్కడ మేమంతా ఉన్నాం. పుట్టి పెరిగినవాళ్లం, ఆ రేకు చప్పుడుకి రోజూ కొండెక్కినవాళ్లం. ఒక్కరికి తట్టలేదు. సరే అంటే సరే అనుకున్నాం. ఆ చప్పుడు మాకు అంత అలవాటైపోయింది, దానికి ఇంకో అర్థం ఉందని ఎవరికీ గుర్తు రాలేదు.

మొదటిసారి కాల్చిన రోజు నా ఒళ్లు నాది కాదు. బట్టీ గోడలో పడ్డ బీటలకు ఆమె బురద మెత్తింది. నేను కట్టెలు అందించాను. లోపల ఉన్నంతసేపూ నా చెవులు బయటే. రేకు మోగుతుందా, మోగుతుందా అని. దాని పిల్లల్లో ఒకటి వచ్చింది. దూలాల మీద పేరుకున్న పాత పిండి జల్లెడ పట్టినట్టు మా మీద రాలింది. నేను గుమ్మం దగ్గరికి ఒక్క గంతు వేశాను. ఆమె కదల్లేదు. చెక్క పార పట్టుకుని, తల ఒకవైపు వంచి విన్నది.

"మోగలేదు" అంది.

"వదినా, బయటికి పోదాం."

"మోగలేదే. మా నాన్న చెవి మందం గానీ కన్ను మందం కాదు. నువ్వు కావాలంటే గుమ్మంలో నిలబడు. ఇక్కడ నిలబడి నీ గుండె చప్పుడు వినిపిస్తుంటే నాకు రొట్టెల చప్పుడు తెలియట్లేదు."

నేను గుమ్మంలో నిలబడ్డాను. ఆమె పార లోపలికి పెట్టింది, తీసింది. ప్రతి రొట్టె అడుగున వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, పెద్ద పళ్లెంలో పేర్చింది. భయం లేనిది కాదు. ఆమె మెడ నరాలు తీగల్లా లేచి ఉన్నాయి.

రొట్టెలు నేనే బుట్టల్లో మైదానానికి మోసుకొచ్చేదాన్ని. మనిషికో సగం. అలా కొన్ని రోజులు గడిచాయి. వదిన ఎప్పుడు పైకి వెళ్లినా మైదానం అంతా చూపు అటే. ఆమె తిరిగి మలుపులో కనిపించేదాకా ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు. ఆమె కనిపించగానే బాబాయ్ సగం రొట్టె తిరగేసి చూసేవాడు. "సగం మాత్రమే మాడింది" అనేవాడు. "నీకు సగమే ఇచ్చాంగా" అని ఆమె.

తర్వాత వాన ఆగకుండా కురిసింది. తాడు బిగుస్తోందని కొలతల సారు బట్టీకి వెళ్లనివ్వలేదు. వదిన ఆయనతో గొడవపడింది గానీ వెళ్లలేదు. తాడు ఆమె కూడా చూసింది. మళ్లీ గంజి. ఆ గంజీ పలచబడింది. వాన ఆగి ఎండ వచ్చిన రోజు ఆయన పైకి వెళ్లి, తాడు విప్పి మళ్లీ వదులుగా కట్టి వచ్చాడు.

"ఒక్క పూట. ఇదే ఆఖరు" అన్నాడు. "మబ్బు విడిపోయింది. రేపో ఎల్లుండో హెలికాప్టర్ దిగుతుంది. నేను దారి తవ్వుతున్నవాళ్ల దగ్గర ఉంటాను. అక్కా, రేకు మోగితే రొట్టె చూడకు."

"రొట్టె వదిలేసి వస్తాను సారూ. నా ప్రాణం నాకు తీపి కాదా?"

మధ్యాహ్నం దాటింది. మేమిద్దరం పొంగిన పిండి ముద్దలు పైకి మోసుకుపోయాం. మామయ్య అరుగు మీద రేకు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. బట్టీ బాగా వేడెక్కింది. మొదటి విడత తీసి పళ్లెంలో పేర్చింది. రెండో విడత లోపలికి వెళ్లింది. వాన వెలిసిన ఎండకి గుమ్మంలోంచి ఆవిరి లేస్తోంది. మొదటి పళ్లెం బల్ల మీద ఉంది. నేను బుట్టలోకి సర్దబోతున్నాను.

రేకు మోగింది.

ఆమె చెక్క పార వదిలేసింది. అది కిందపడ్డ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. నా చెయ్యి పట్టుకుని లాగింది. బయటికి వచ్చి, వీధి దాటి, పరిగెత్తి మలుపు దగ్గరికి వచ్చేశాం. అయిపోయింది, బయటపడ్డాం అనుకున్నాను. ఆమె కూడా అనుకుంది, నా వైపు చూసి ఊపిరి వదిలింది.

అప్పుడు వీధి చూశాం.

కింద నుంచి జనం వస్తున్నారు. సంచులు పట్టుకుని, గిన్నెలు పట్టుకుని, ఖాళీ చేతులతో. ముందు పిల్లలు. వెనక ముసలివాళ్లు ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఆయాసపడుతూ. అందరి ముఖాల్లో సంతోషం. రేకు మోగింది, రొట్టె వచ్చింది. మైదానంలో చాలామందికి ఆ చప్పుడు వినగానే కాళ్లు వాటంతట అవే లేచాయి. మమ్మల్ని దాటుకుని కొందరు అప్పుడే బట్టీ గోడ పక్కన, మామయ్యకి కనిపించని వైపు, నిలబడ్డారు. వరసగా.

"వెనక్కి" అని అరిచింది వదిన. "వెనక్కి పోండి, కొండ జారుతోంది, వెనక్కి."

ఆమె ఎప్పుడూ అరిచే అరుపే అది. జనం ఇంకో అడుగు ముందుకేశారు. వెనకనుంచి వస్తున్నవాళ్లకి 'వెనక్కి' అన్న మాటే వినిపించింది, మిగతాది వినిపించలేదు. ఒకావిడ "తోసుకోవడం లేదులే అక్కా, నిలబడ్డాంలే" అంది. గడియారాల బాబాయ్ గోడకి ఆనుకుని, "రెండు రోజులు తిట్లు లేవు, నాలుక చచ్చిపోయింది" అన్నాడు. ఆమె ఆయన చొక్కా పట్టుకుని లాగింది. ఆయన నవ్వుతున్నాడు. పైన నుంచి గులకరాళ్లు కప్పు మీద పడుతున్నాయి. వాన చినుకుల్లా టపటప. ఆ చప్పుడు రేకు చప్పుడులో కలిసిపోయింది. మామయ్య ఆపకుండా కొడుతూనే ఉన్నాడు. ఎందుకు ఆపుతాడు? కూతురు గుమ్మంలోంచి వచ్చి మలుపు చాటుకి వెళ్లడం ఆవిరిలో ఆయనకి సరిగ్గా కనపడలేదు. ఆయన కొడుతున్నకొద్దీ కింద నుంచి ఇంకా జనం ఎక్కుతున్నారు.

వదిన నా చెవి దగ్గరికి వచ్చి చెప్పింది. "వీళ్లు నా మాట వినరు. రొట్టె మాట వింటారు."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. గట్టిగానే పట్టుకున్నాను. పిండి అంటిన చెయ్యి, జారిపోయింది. ఆమె లోపలికి వెళ్లింది.

ఎంతసేపో నేను చెప్పలేను. గులకరాళ్లు పెద్దవయ్యాయి. ఒకటి గుమ్మం ముందు పడి పగిలింది. అప్పుడు జనంలో ఒకరిద్దరు పైకి చూశారు. ఆమె బల్ల మీది పళ్లెం ఎత్తుకుని బయటికి వచ్చింది. తెచ్చి నా తల మీద పెట్టింది. వేడి నా మాడు దాకా దిగింది.

"మైదానం దాకా ఆగకు. ఎవరడిగినా ఇవ్వకు. తిడితే తిట్టించుకో."

"నువ్వు రా వదినా."

"నేను వాళ్ల వెనకే వస్తా. పో."

నేను పరిగెత్తాను. జనం మధ్యలోంచి, తల మీద పొగలు కక్కుతున్న రొట్టెలతో. ఒక్కసారిగా వరస తిరిగింది. "ఎక్కడికమ్మా?", "ఇక్కడే ఇవ్వొచ్చుగా, మళ్లీ కిందికా?", "దీనికి కూడా వదిన బుద్ధి పట్టింది" అంటూ నా వెనకే దిగారు. కింద నుంచి వస్తున్నవాళ్లు ఎదురై, నా తల మీద పళ్లెం చూసి, వాళ్లూ తిరిగారు. పిల్లలు నా కొంగు పట్టుకుని లాగారు. బాబాయ్ అయితే "రొట్టెలు దొంగిలించుకుపోతున్నట్టు ఆ పరుగేమిటి కోడలా, పడతావు" అన్నాడు. నేను నోరు విప్పలేదు. విప్పితే ఏడుస్తాను, ఏడిస్తే ఆగిపోతాను.

వెనక రేకు ఇంకా మోగుతూనే ఉంది. మైదానం దగ్గరి మెట్లు దిగుతుండగా, ఆగిపోయింది.

ఆ తర్వాత కొండ చప్పుడు. అది పెద్దదాని చప్పుడు లాంటిది కాదు. తడిగా, బరువుగా, చాలాసేపు. దుమ్ము కూడా లేవలేదు, వాన తడికి. పైవీధి చివరంతా మట్టి రంగయిపోయింది. నేను తల తిప్పి చూసేసరికి బట్టీ ఉన్న చోట బట్టీ లేదు, ఇల్లు లేదు, కొండ వాలు కిందికి వచ్చి కూర్చుంది.

నా వెనక వచ్చినవాళ్లంతా ఆగిపోయారు. ఒకళ్ల ముఖాలు ఒకళ్లు చూసుకుంటూ, పిల్లల్ని పక్కకి లాక్కుంటూ, ఉన్నవాళ్లని వెతుక్కున్నారు. ఉన్నారు. పైకి ఎక్కినవాళ్లంతా ఉన్నారు. గడియారాల బాబాయ్ మెట్ల మీద కూర్చుని తన చొక్కా చూసుకున్నాడు. దాని మీద ఆమె వేళ్ల పిండి ఉంది. ఆయన దాన్ని దులపలేదు.

నా తల మీది పళ్లెం ఎవరో దించారు. ఎవరూ రొట్టె ముట్టుకోలేదు.

మామయ్య ట్యాంకు వైపు దారిలో దిగి, మైదానం రెండో పక్కనుంచి వచ్చాడు. ఆయన ఉన్న బండ గట్టిది, ఏమీ కాలేదు. రేకు, ఊచ చంకలో పెట్టుకునే వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. నన్ను చూసి, జనాన్ని చూసి, పొగలు కక్కుతున్న రొట్టెల్ని చూసి, "ఇద్దరూ దిగారా? దిగారు కదూ" అన్నాడు. "నేను ఆపకుండా కొట్టానమ్మా. అది లోపలికి మళ్లీ దూరింది, నేను చూశాను. రొట్టెల పిచ్చి ముండ. బయటికి వచ్చేదాకా ఆపకూడదనుకున్నా. తర్వాత గుమ్మం ముందుకి వచ్చి, నాకు కనిపించేటట్టు నిలబడి, రెండు చేతులూ పైకెత్తి ఊపింది. ఆపు నాన్నా, బయటికొచ్చేశా అని. అప్పుడు ఆపాను."

అని చుట్టూ చూశాడు. "అదేది?"

అప్పుడు నాకు అర్థమైంది. రేకు మోగుతున్నంతసేపూ జనం ఎక్కుతూనే ఉంటారు. దాన్ని ఆపాలంటే తండ్రికి కనిపించాలి. ఆయనకు కనిపించే చోటు ఒక్కటే, బట్టీ గుమ్మం ముందు. ఆమె మా వెనక రాలేదు. అక్కడికి వెళ్లి నిలబడింది.

"కోడలమ్మా, అదేది? ముందే దిగిందిగా. చేతులు ఊపి దిగింది. నేను దిగడం చూడలేదు, అప్పటికే లేచి ఇటు తిరిగాను. కానీ దిగే ఉంటుంది."

జవాబు నేనే చెప్పాలి. ఆయన కోడల్ని నేనే. రేకు ఆయన చంకలోంచి తీసి పక్కన పెట్టాను, ఎక్కడ పెట్టానో కూడా తెలియదు. ఆయన రెండు చేతులూ పట్టుకున్నాను. ఊచతో కొట్టి కొట్టి ఆయన అరచేతులు పొంగిపోయి ఉన్నాయి.

"మామయ్యా, వదిన మీకు కనిపించడానికే ఆగింది" అన్నాను. "మీరు ఆపగానే ఎక్కేవాళ్లు ఆగారు. ఒక్కరూ పోలేదు. వదిన రాలేదు."

ఆయన వింటూ ఉన్నాడు. చెవి మందం కదా, నా పెదాలు చూస్తూ ఉన్నాడు. నేను మళ్లీ చెప్పాలేమో అనుకున్నాను. అక్కర్లేకపోయింది. ఆయన మెల్లగా నేల మీద కూర్చున్నాడు, నన్ను కూడా కూర్చోబెట్టాడు.

చాలాసేపటికి పసిపిల్ల తల్లి వచ్చి మా పక్కన వంగింది. "అమ్మా, పిల్లలు చూస్తున్నారు" అంది మెల్లగా. "పెట్టమంటావా?"

నేను మామయ్య వైపు చూశాను. ఆయన తల ఊపాడు. నేను లేచి, కొంగుతో చేతులు తుడుచుకుని, మొదటి రొట్టె తీసి సగానికి తుంచాను. లోపల ఇంకా వేడిగా ఉంది.